తడి తెలుపు దీపమును ఎంతవఱకు నమ్మవచ్చును?

గడచిన సర్వసభ్య సమావేశమున మన సభ్యులు కొందఱు ఒక సూచన చేసిరి. మొక్కల కుండీలలో తడి యున్నదో లేదో చూపు చిన్న మీటరులు బజారున దొరకుచున్నవి గదా, వానిని సంఘము టోకున కొని సభ్యుల కమ్మరాదా యని. సూచన మంచి యుద్దేశముతో చేయబడినదే. కాని మేము దానికి సమ్మతింపలేదు. కోటిపల్లి రేవు దాటవలసినవారు తొందరపడుచుండుటచే, ఏల సమ్మతింపలేదో ఆనాడు రెండు మాటలలో చెప్పి కూర్చుంటిమి. ఆ కొఱతను ఇచ్చట తీర్చుకొందుము.

కుండీమొక్కల సంగతి రైతుల పత్రికలో నేల యని కొందఱు పెదవి విఱువవచ్చును. వరి, కొబ్బరి, అరటి యుండగా క్రోటను మొక్కల గొడవ యెందుకని ఒక పెద్దాయన మమ్ము ముఖముననే యడిగెను. వారికి మా యుత్తరమిది. గోదావరి కావలి వైపున కడియము, కడియపులంక గ్రామములవారు కుండీలలోను సంచులలోను మొక్కలు పెంచియే దూరదేశములలో సైతము పేరు పొందిరి. మన ముక్తేశ్వరము చుట్టుపట్లను ఇంటిపట్టున నుండు స్త్రీలు పదియో ఇరువదియో కుండీలు పెంచి, పెండ్లిపందిళ్ళకును పట్టణపు టిండ్లకును అమ్మి చిల్లర ఖర్చులు గడుపుకొనుచున్నారు. కుండీ యొకటి చచ్చిన నష్టము చిన్నదే. వారి పెట్టుబడియు చిన్నదే యని మఱవరాదు.

మన సీమవారికి నీరు పోయుటలో లోభము లేదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు, కాలువలు కట్టివేయు వేసవి దినములలో తప్ప, నీటికై ముఖము వాచిన వారము కాము. మన బాధ తఱచుగా నీరు లేక కాదు, వచ్చిన నీరు పోవక. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక పొలములను బీడు పెట్టినప్పుడు చెప్పుకొన్న కారణములలో మురుగు పారుదల లోపము నొకటి గదా! పొలమున ఇంత యెఱిగిన మనము ఇంటికి వచ్చి తులసికోటలో దినమునకొక చెంబుడు నీరు పోయుచుందుము. కోటకు అడుగున రంధ్ర మున్నదా యని చూచువారు అరుదు.

నీరు తక్కువైన మొక్క ఆకు వాల్చును. నీరు ఎక్కువైన మొక్కయు ఆకు వాల్చును. మట్టి సందులలోని గాలి పోయి నీరే నిండినప్పుడు వేళ్ళు ఊపిరాడక కుళ్ళును, కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు, ఆకు వాడును, వాడిన ఆకును జూచి జాలిపడి మఱియొక చెంబుడు పోయుదుము. పైమట్టి చూపునది మూల మట్టి స్థితి కాదు. కావున మట్టి లోపల తడి యెంత యున్నదో తెలుపు సాధనము కావలెననుట న్యాయమైన కోరికయే. అట్టి సాధనమును మేము స్వయముగా చేసి మూడేండ్లుగా వాడుచున్నాము. చేయు విధమును చెప్పెదము.

మట్టిలో రెండు లోహపు చువ్వలు గ్రుచ్చి వాని నడుమ స్వల్పమగు విద్యుత్తును పంపినచో, తడిమట్టి దానిని సులభముగా పోనిచ్చును, ఎండుమట్టి అడ్డగించును. ఈ భేదమును ట్రాన్సిస్టరు పెద్దది చేసి దీపమును వెలిగించుటయో ఆర్పుటయో చేయును. ఇంతకు మించిన రహస్యము లేదు. కావలసినవి 9 వోల్టుల చదరపు బ్యాటరీ ఒకటి, బి.సి. 547 అను ట్రాన్సిస్టరులు రెండు, ఎఱ్ఱని ఎల్.ఇ.డి. దీపమొకటి, 1 కిలో ఓము రెసిస్టరులు రెండు, 10 కిలో ఓములది యొకటి, 47 కిలో ఓముల ప్రీసెట్టు ఒకటి, కాలింగుబెల్లునకు వాడునట్టి నొక్కుడు స్విచ్చి ఒకటి. చువ్వలకు పాత సైకిలు చక్రపు స్టెయిన్‌లెస్ చువ్వలు సరిపోవును. రేడియో బాగుచేయు దుకాణమున సోల్డరు పట్టుట తెలిసిన పిల్లవాడు ఒక సాయంకాలములో దీనిని ముగింపగలడు.

కలుపు విధ మిది. రెండు ట్రాన్సిస్టరుల ఎమిటరులును బ్యాటరీ ఋణధ్రువమునకు కలుపవలెను. ఒక చువ్వ 1 కిలో ఓము ద్వారా ధనధ్రువమునకును, రెండవ చువ్వ మొదటి ట్రాన్సిస్టరు బేసునకును పోవలెను. ఆ బేసునుండియే ప్రీసెట్టు ఋణధ్రువమునకు వచ్చును. మొదటి ట్రాన్సిస్టరు కలెక్టరు 10 కిలో ఓముల ద్వారా ధనధ్రువమునకు కలిసి, అచ్చటనుండి యొక తీగ రెండవదాని బేసునకు పోవును. రెండవదాని కలెక్టరునకు దీపపు పొట్టికాలు; దీపపు పొడుగుకాలు మిగిలిన 1 కిలో ఓము ద్వారా ధనధ్రువమునకు. ట్రాన్సిస్టరు చదునువైపు మనవైపునకును కాళ్ళు క్రిందికిని ఉండునట్లు పట్టుకొన్నచో ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు. నొక్కుడు స్విచ్చి బ్యాటరీ తీగలో నుండవలెను. ఇట్లు చేసినచో మట్టి ఎండినప్పుడు దీపము వెలుగును, తడిగానున్నప్పుడు ఆరియుండును.

మట్టిలో గ్రుచ్చుటకు ముందే పరీక్షింపవలెను. చువ్వలను గాలిలో నుంచి స్విచ్చి నొక్కినచో వెలుగవలెను. రెండు చువ్వలను తాకించి నొక్కినచో ఆరవలెను. గాలిలో వెలుగకున్నచో దీపము కాళ్ళు తిరుగబడినవేమో, బ్యాటరీ నీరసించినదేమో చూడవలెను. తాకించినను ఆరకున్నచో మొదటి ట్రాన్సిస్టరు కాళ్ళు తాఱుమాఱైనవి, లేదా ప్రీసెట్టు పూర్తిగ ఒకవైపునకు తిరిగియున్నది. ఒకసారి వెలిగి ఒకసారి వెలుగకుండుట అతుకు సరిగా పట్టకపోవుటయే; సోల్డరు మెఱయక బూడిదరంగుగా నుండును, మఱల వేడిచేసి పట్టింపవలెను.

మొదటియేట మా సాధనమునకు వచ్చిన తెగులు వీనిలో నేదియు కాదు. చువ్వలు కదలకుండుటకై ఒక మామిడిచెక్క ముక్కకు రెండు బెజ్జములు వేసి వానిలో దిగగొట్టితిమి. వేసవిలో దివ్యముగా పనిచేసెను. ఆషాఢపు ముసురు పట్టగనే దీపము ఎచ్చటను వెలుగదాయెను. గాలిలో పట్టుకొన్నను వెలుగదు. ట్రాన్సిస్టరులు మార్చితిమి, బ్యాటరీ మార్చితిమి, అతుకులన్నియు విప్పి మఱల పెట్టితిమి. కడకు విసిగి దానిని పొయ్యిగట్టుపై పెట్టి మఱచితిమి. మఱునాడు తీసి చూడగా చక్కగా వెలిగెను. చెక్క నీటిని పీల్చుకొని విద్యుత్తును తన గుండనే పోనిచ్చుచుండెను! చెక్కకు బదులు ప్లాస్టిక్కు గొట్టపు ముక్క వాడినది మొదలు ఆ బాధ తీఱినది. చువ్వల పైభాగమునకు కూడ టేపు చుట్టి, కొనలలో అంగుళమంత మాత్రము విడువవలెను. లేనిచో పైపొర తడియు లోపలి తడియు కలిసి అర్థములేని జవాబు వచ్చును.

స్విచ్చి నొక్కినంతసేపే విద్యుత్తు పాఱవలెను. ఎల్లప్పుడు పాఱనిచ్చినచో ధనధ్రువపు చువ్వ క్రమముగా కరగిపోవును. కొందఱు రాగితీగలు వాడుదురు. అవి పచ్చబడి ఆ రాగి మట్టిలో దిగును, అది వేళ్ళకు మంచిది కాదు. రాగి వలదు.

ఇంతవఱకు పనివాని సంగతులు. మేము సంఘమునకు అడ్డు చెప్పుటకు కారణము వేఱు. అది మేము చేసిన పొరపాటు. చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది.

మన సంఘమున సభ్యురాలైన ఒక వితంతువు ఇంటి వెనుక రేకుల పందిరి క్రింద ఇరువదినాలుగు కుండీలలో క్రోటన్లును అరెకా మొక్కలును పెంచుచుండెను. తేలికగా నుండునని మట్టికి బదులు కొబ్బరి పీచుపొట్టు వాడెను. ఇప్పుడు కోకోపీటని యమ్మునది అదియే. ఆమె నీరు ఎక్కువగా పోయుచున్నదని మాకు తోచి, మేము చేసిన సాధన మొకటి ఆమె కిచ్చి, "అమ్మా, ఈ దీపము వెలిగినప్పుడే నీరు పోయవలెను, అంతవఱకు చెంబు ముట్టవద్దు" అని చెప్పి వచ్చితిమి. ప్రీసెట్టును మా ప్రదర్శనక్షేత్రపు మట్టిలో సరిచూచి యుంటిమి. రెండు వారముల పిమ్మట ఆమె సంఘము గుమ్మమున కనబడి, "దీపము వెలగలేదండి, అందుకని నీళ్ళు పోయలేదండి" అనెను. మాటలో నిష్ఠురము లేదు. పోయి చూచితిమి. తొమ్మిది కుండీలలో మొక్కలు మాడిపోయి యుండెను. ఒకదానిని పెఱికి దులుపగా పొట్టు పొడిగా రాలెను. ఆ పొడిపొట్టులో మా చువ్వలు గ్రుచ్చి స్విచ్చి నొక్కితిమి. దీపము వెలుగలేదు.

ఏమి జరిగినది? మా సాధనము తడిని చూపదు. విద్యుత్తు పాఱుటను చూపును. విద్యుత్తును మోయునది నీరు మాత్రమే కాదు, నీటిలో కరగిన లవణములు. కొబ్బరి పీచుపొట్టులో పొటాషు, సోడియము లవణములు సహజముగనే యుండును. ఉప్పునీట నానిన పీచునుండి వచ్చినదైన మఱింత యుండును. కడుగని పొట్టులో కొద్దిపాటి తేమ మిగిలినను అది ఉప్పుతేమ. విద్యుత్తునకు అది రాజమార్గము, వేరునకు మాత్రము అందని నీరు. ఉప్పు తన చుట్టునున్న నీటిని పట్టియుంచును గనుక వేరు దానిని పీల్చుట మఱియు కష్టము. అనగా మొక్క రెండు విధముల దప్పిగొన్నప్పుడు మా దీపము "నీరు సమృద్ధిగా నున్నది" అని చెప్పుచుండెను. మొక్కల వెల మేమిచ్చుకొంటిమి. ఆమె మొదట పుచ్చుకొనలేదు.

ఈ సంగతిని ఎవరైనను ఇంటిలో చూడవచ్చును. రెండు గ్లాసులలో వాననీరు తీసికొని, చువ్వలు ముంచినను దీపము వెలుగుచునే యుండునట్లు ప్రీసెట్టును త్రిప్పవలెను. ఒకదానిలో చిటికెడు యూరియా కలుపుడు. దీపము ఇంచుమించు అట్లే యుండును. రెండవదానిలో చిటికెడు మ్యూరియేట్ పొటాషు కలుపుడు. కలిపిన వెంటనే ఆరును. రెండును ఎరువులే, రెండును నీట కరగినవే. యూరియా కరగినను విద్యుత్తును మోయదు, పొటాషు మోయును. మట్టిలో పడిన యూరియా మాత్రము కొన్ని దినములలో అమ్మోనియముగను, పిదప నైట్రేటుగను మాఱి తానును మోయ మొదలుపెట్టును. కావున నిన్న ఎరువు వేసిన కుండీని నేడు దీపముతో పరీక్షించుట వ్యర్థము. రాజోలు, అంతర్వేది వైపు సముద్రమునకు దగ్గఱనున్న గ్రామములలో ఉప్పుబావి నీరు పోయువారు ఈ మాటను ప్రత్యేకముగ గమనింపవలెను.

దీనికి సరిగా వ్యతిరేకమైన తప్పు కూడ కలదు. కడియము వైపునుండి వచ్చు మొక్కల వేళ్ళచుట్టు తఱచుగా జిగటమట్టి ముద్ద యుండును. ఆ మట్టి ఆఱిన కొలది ముడుచుకొని బీటలు వాఱును. చువ్వ ఆ బీటలో పడినను, గ్రుచ్చునప్పుడు అటునిటు ఆడించినను, చువ్వకు మట్టికి నడుమ గాలి నిలుచును. లోపల ముద్ద తడిగనే యున్నను దీపము వెలుగును. మనము నీరు పోయుదుము. ఆ నీరు కుండీ అంచు వెంబడి బీటలో దిగి అడుగున పోవును, దీపము ఇంకను వెలుగుచునే యుండును, మఱల పోయుదుము. ఇట్లు కుళ్ళిన మొక్కలను మేము చూచితిమి. చువ్వలను ఆడింపక నిలువుగా దింపి, మూడు చోట్ల పరీక్షించి, రెండు చోట్ల ఒకటే జవాబు వచ్చిననే నమ్మవలెను.

ఈ రెండు తప్పులకును మందు బజారున దొరకదు. బ్యాటరీ లేకయే సూది కదలు చవుక మీటరులలో పెక్కు, రెండు వేర్వేఱు లోహముల నడుమ పుట్టు విద్యుత్తుపై నడచునవి. ఉప్పు వానిని కూడ మోసపుచ్చును. వాని ముఖముపై పొడి, తడి యని గీతలు ముందుగనే గీయబడి యుండును. ఆ గీతలు ఏ మట్టికి గీచినవి? గౌతమీ యొడ్డు ఒండ్రునకా, తీరపు టిసుకకా, కొబ్బరి పొట్టునకా? మన ప్రీసెట్టు మనచేతిలో నున్నది, దానిని మన కుండీకి సరిచేసికొనగలము. అచ్చువేసిన గీతను సరిచేయుట యెట్లు?

సరిచేయు పద్ధతి తూకము. వంటింటి కాటా చాలును. కుండీకి అడుగునుండి కాఱువఱకు నీరు పోసి, రాత్రి యంతయు వడియనిచ్చి, ఉదయమున తూచి ఆ బరువును కుండీపై సుద్దతో వ్రాయవలెను. ఆపై దినదినము తూచుచు, వ్రేలిని రెండు కణుపుల లోతు దింపి చూచుచుండవలెను. వ్రేలికి చల్లదనము తగులనినాడు ఎంత బరువున్నదో అదియు వ్రాయవలెను. మా ఎనిమిదంగుళముల మట్టికుండీ ఒకటి వడిసిన ఉదయమున 4 కిలోల 200 గ్రాములు, నీరు కోరిననాడు 3 కిలోల 500 గ్రాములు తూగెను. ఆనాడే చువ్వలు గ్రుచ్చి దీపము అప్పుడప్పుడే వెలుగునట్లు ప్రీసెట్టును త్రిప్పి, దానిపై లక్కచుక్క పెట్టవలెను. మట్టి మిశ్రమము మార్చినచో మఱల మొదటినుండి చేయవలసినదే. మొక్క పెరిగిన కొలది దాని బరువును కలియుచుండును గనుక రెండు నెలల కొకమాఱు తిరిగి తూచుట మంచిది.

అట్లయిన వ్రేలే చాలదా, ఈ దీపమేల యని యడుగువారు ఉందురు. ఇంటిలో రెండు మూడు కుండీలున్నవారికి వ్రేలే చాలును. ఇరువది కుండీలున్నవారికి, వ్రేలు అందని లోతైన తొట్లున్నవారికి, ఊరికి పోయినప్పుడు పొరుగింటి పిల్లలచే నీరు పోయించువారికి దీపము ఉపకరించును.

ఉప్పు బాధను తగ్గించుకొను మార్గములు పెద్దవారు కనుగొనకపోలేదు. 1940లో అమెరికాలో బూయుకోస్, మిక్ అను శాస్త్రజ్ఞులు చువ్వలను జిప్సము దిమ్మెలో నుంచి, ఆ దిమ్మెను మట్టిలో పాతిరి. దిమ్మెలోని నీరు ఎల్లప్పుడు జిప్సముతో నిండియుండుటచే బయటి కొద్దిపాటి లవణముల భేదము అంతగా లెక్కకు రాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో దీనిని ఇంటిలోనే పోతపోయవచ్చును, మేమును పోసితిమి. కాని అది మెల్లగా మాఱును, బాగుగ తడిసిన మట్టిలో భేదము చూపదు, ఎడతెగని తడిలో కరగిపోవును. మన వరిచేలకు పనికిరాదు, కుండీలకు కొంత పనికివచ్చును. నీటికి విద్యుద్గుణాంకము 80 ప్రాంతమునను, ఎండుమట్టికి 3 నుండి 5 వఱకును ఉండు భేదమును పట్టి, లోహము మట్టికి తగులకయే తడిని కొలుచు పలకలు ఇప్పుడు వచ్చినవి. ఉప్పు వానిని మోసపుచ్చుట తక్కువ, బొత్తిగ లేకపోలేదు. కోయంబత్తూరులోని చెఱకు ప్రజనన సంస్థవారు రైతులకై చేసిన సూచికలో నీలము, ఆకుపచ్చ, నారింజ, ఎఱుపు దీపములు వరుసగా తడి తగ్గుటను తెలుపును; చదువురానివారికి సైతము అర్థమగును. ఆ రంగుల పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

కాబట్టి సంఘమునకు మా మనవి యిది. మీటరులు టోకున కొనవలదు. ఒక సోల్డరు కడ్డీయు, ఇరువది సాధనములకు చాలిన సామగ్రియు కొనవలెను. ఉన్నతపాఠశాలలో చదువుకొను మన పిల్లలచే వానిని చేయింపవలెను. సాధనము తీసికొను ప్రతి సభ్యుడును తన కుండీని తూచి, తన మట్టిలో తానే ప్రీసెట్టును సరిచేసికొనిననే ఇంటికి తీసికొనిపోవలెను. తూచుటకు ఓపిక లేనివారికి సాధనము ఇయ్యకుండుటే వారికి మేలు. ఇది కఠినమని కార్యవర్గములో ఒకరనిరి. మాడిన తొమ్మిది కుండీలను వారు చూడలేదు.

ఆ సభ్యురాలు ఇప్పుడు కుండీలను చేతితో ఎత్తి చూచియే నీరు పోయుచున్నది. ఆమె చేయి మా కాటాకు తీసిపోదు. మా దీపమును మాత్రము పాఱవేయలేదు. కొత్త పొట్టు తెచ్చినప్పుడు కాలువనీట నానవేసి, పిండి, ఆ పిండిన నీటిలో చువ్వలు ముంచి చూచును. దీపము ఆరినచో ఉప్పు ఇంకను ఉన్నదని మఱల కడుగును. మూడు నాలుగు నీళ్ళకు దీపము వెలుగుచు నిలుచును. ఈ యుపయోగము ఆమె కనిపెట్టినదే గాని మేము చెప్పినది కాదు. పొట్టును పట్టియున్న సోడియము, పొటాషులు వట్టినీటితో పూర్తిగ పోవు. వ్యాపారమునకై పెద్దయెత్తున చేయువారు కాల్షియము నైట్రేటు ద్రావకమున నానబెట్టి వానిని విడిపింతురు. ఇంటి కుండీలకు కడుగుడే చాలునని మా యనుభవము.

కార్యవర్గము అంగీకరించినచో వచ్చునెల సమావేశమునాడు గిడ్డంగి వరండాలో పని మొదలుపెట్టుదుము. వచ్చువారు పాత సైకిలు చువ్వలు రెండును, తమ కుండీలోని మట్టి గాని పొట్టు గాని ఒక గ్లాసెడును తేవలెను. కాటా మేము తెత్తుము.